బొండాం ముట్టకండర్రా

మా మేనత్త పోయింది. తుఫానుకు సెల్ టవర్లు పడిపోవడంతో, డయాలసిస్ మీద బతికేవాళ్ళ కోసం ఆవిడ నడిపిన వాట్సాప్ గ్రూపుకు ఆ కబురు వెంటనే చెప్పలేకపోయాను. ఇప్పుడు అందరూ "ఆత్మకు శాంతి" అని దండాల బొమ్మలు పెడుతున్నారు. నాకు శాంతి లేదు. కడుపు మండిపోతోంది.

అత్తకూ కిడ్నీల జబ్బే. టైపు చెయ్యడం రాదు కాబట్టి తన కిరాణా కొట్లో కూర్చుని వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. వెనక ఎవరో బెల్లం అడుగుతూ వినిపించేవారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన, కొబ్బరితోటల మధ్య ఊరు ఆవిడది. జబ్బుమనిషిని చూడ్డానికి ఎవరొచ్చినా బొండాం పట్టుకొస్తారు. కిడ్నీలు పాడైనవాళ్ళు ఆ నీళ్ళు తాగితే ఒంట్లో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగిపోవచ్చు. డాక్టర్లు ఒకసారి చెప్పి ఊరుకుంటారు. అత్త రోజూ చెప్పేది.

"బొండాం ముట్టకండర్రా. తెచ్చినోలు ఏటనుకున్నా పర్లేదు. సచ్చినాక మొకమాటం ఎవులికి సూపిస్తారు?"

ఏదో పసరు తాగితే డయాలసిస్ అక్కర్లేదని ఒకాయన వీడియో పెట్టాడు. "ఒరే బావా, నువ్వు తాగి మానీసినావేటి? ముందు నీ రిపోర్టెట్టు, తర్వాత ఊసులు సెప్పు" అంది. ఆయన అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆవిడే ఫోన్ చేసి, బతిమాలి, మళ్ళీ చేర్చుకుంది.

తుఫానుకు ముందే నేను నెల్లిమర్ల నుంచి వెళ్ళి ఆవిడ దగ్గరున్నాను. గాలి తగ్గాక మావయ్య పడిన చెట్లు తప్పించుకుంటూ ఆవిడను బైకు మీద డయాలసిస్ సెంటరుకు తీసుకెళ్ళాడు. నేను వెనక పట్టుకుని కూర్చున్నాను. అక్కడ కరెంటు లేదు. జనరేటరుంది, డీజిల్ లేదు. "కరెంటొచ్చాక రండమ్మా" అన్నాడు అక్కడి మనిషి, తలైనా ఎత్తకుండా. తుఫాను వస్తోందని టీవీలో ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. మిషన్లు పెట్టుకున్నవాళ్ళకు మాత్రం వినపడలేదా?

ఇంటికొచ్చి, ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. "అమ్మీ, గ్రూపులో ఎవులెలాగున్నారో కనుక్కోయే" అంది. సిగ్నల్ లేదంటే కసిరింది. "మేడెక్కి సూడే!" ఎక్కాను. అక్కడా లేదు.

మర్నాడు పోయింది. పరామర్శకొచ్చిన పెద్దమనిషి "ఆయువు తీరిపోనాది" అన్నాడు. తీరిపోయింది ఆయువు కాదు, డీజిల్ అని అరిచేశాను. అరిచినందుకు నాకేమీ బాధ లేదు.

సిగ్నల్ వచ్చాక అత్త ఫోన్ ఆగకుండా మోగింది. డయాలసిస్ మీదున్న మొగుడి కోసం గ్రూపులో చేరిన ఒక జాలరి ఇల్లాలు ఆవిడకు విడిగా పంపిన మెసేజ్ విన్నాను. అత్త గోడకు ఆనుకుని కూర్చున్న పూట పంపిందది.

"అక్కా, ఊర్లో తాగడానికి నీలు లేవు. ఎక్కడ సూసినా రాలిపోయిన బొండాలే. మాయన నోరెండిపోతన్నాది అంతన్నాడు. రొండు గుక్కలు పట్టొచ్చేటి? నువ్వు సెప్తేనే ఇస్తాను." దాని కిందే ఇంకొకటి: "అక్కా, పలకవేటి?"

ఫోన్ చేస్తే స్విచాఫ్. మైకు నొక్కి, "ఇవ్వకండి, ఒక్క గుక్క కూడా ఇవ్వకండి" అని అరిచినట్టే చెప్పాను. ఆ మెసేజ్ పక్కన ఇంకా ఒక్క టిక్కే ఉంది.