ఇరవయ్యో బకిల్

మా ఇంజనీర్ అంకుల్ పోయారని పోయిన శనివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. "కాఫీ ఇద్దామని లేపితే లేవలేదమ్మా," అన్నారు. అయ్యో అన్నాను. వెంటనే వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు, కోపం వచ్చింది. మూడేళ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క మాట వస్తుందేమోనని చూస్తున్నాను. ఇక రాదు కదా!

మన సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మెల్‌బోర్న్‌లో ఆయన సాయం పొందని తెలుగు ఇళ్లు తక్కువ కాబట్టి, మంచి మాటలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను. నొచ్చుకునేవాళ్లు ఇక్కడే ఆపేయండి.

ఎనభై ఏడులో నేను గుంటూరు నుంచి వచ్చినప్పుడు నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అంకుల్ నా చేతులు చూసి, "కుట్టుపని వచ్చా అమ్మాయ్?" అని అడిగారు. వచ్చన్నాను. ఆ బుధవారమే డాండెనాంగ్‌లో ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో నన్ను బల్ల ముందు కూర్చోబెట్టారు. కార్ల సీటు బెల్టుకు ఉండే బకిల్ తయారుచేసే ఫ్యాక్టరీ అది. పదకొండు మంది ఆడవాళ్లం వరసగా కూర్చునేవాళ్లం. స్ప్రింగు, కొక్కెం, ఎర్ర బటను, పైన మూత. అన్నీ చేత్తో బిగించి, చివర పట్టీ నాలుక దూర్చి, లాగి, బటను నొక్కి చూసి పెట్టెలో పడేయాలి.

మొదటి వారం స్ప్రింగులు నా వేళ్ల మధ్య నుంచి ఎగిరి ఎక్కడో పడేవి. ఏడుపు మొహం పెట్టుకుని బల్ల కింద వెతుకుతుంటే అంకుల్ కూడా మోకాళ్ల మీద కూర్చుని వెతికేవారు, అంత పెద్ద ఇంజనీరు! "కంగారు పడితే స్ప్రింగు పారిపోద్దమ్మాయ్. దాన్ని బతిమాలాలి," అనేవారు. ఆయన మీద నాకున్న భక్తి అక్కడ మొదలైంది. మా నాన్న ఏనాడూ నాకోసం అలా వంగలేదు.

ఆయన అలవాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. టిఫిను డబ్బా తెరిచే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన, తెరవగానే పక్కవాళ్లకు సగం పంపకం. ఎవరి కారెక్కినా ముందు బకిల్ రెండుసార్లు నొక్కి వినేవారు. ఇక చీటీలు! ప్రతి వస్తువుకీ తెల్లదారంతో చిన్న అట్టముక్క కట్టి, తేదీ, దాని సంగతి రాసేవారు. సుత్తికీ చీటీ, గొడుగుకీ చీటీ. ఆంటీ పెట్టిన ఆవకాయ జాడీకి "ఉప్పు తక్కువ" అని రాసి కట్టి వారం రోజులు మాటలు పడ్డారు.

రెండేళ్లు తిరిగేసరికి బకిల్ చెవి దగ్గర పెట్టుకోకుండానే దాని బాగోగులు చెప్పేదాన్ని. మంచిదైతే ఒక్కటే చప్పుడు, టక్. కొక్కెం సరిగా కూర్చోకపోతే ఆ చప్పుడు వెనకే ఇంకోటి, చీమ నడిచినంత. మిగతావాళ్లకు వినపడేది కాదు. అంకుల్‌కి అది ఆశ్చర్యం. స్టాప్‌వాచీ, నోట్‌బుక్ పట్టుకుని నా పక్కన స్టూలేసుకుని రోజుల తరబడి కూర్చున్నారు. ఏ వేలు ముందు కదులుతుందో, ఎంత గట్టిగా లాగుతానో అన్నీ రాసుకున్నారు. "చేతికి తెలిసింది నోటితో చెప్పించాలి. అదే నా పని," అనేవారు.

ఒకరోజు, "నువ్వు పట్టుకున్న చెడ్డవాటిలో రకానికొకటి చొప్పున ఇరవై దాచిపెట్టు. ఒక్కోదాని జబ్బేంటో చెప్పు," అన్నారు.

"ఎందుకంకుల్?"

"కొత్తగా వచ్చేవాళ్లకి నేర్పడానికమ్మా."

పొంగిపోయాను. నా పనితనం చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటారట! ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పి, పాయసం కూడా చేశాను. ఆ పాయసం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాలుగు నెలల్లో పందొమ్మిది ఏరి ఇచ్చాను. అన్నింటికీ ఆయన చీటీలు కట్టి అంకెలు వేశారు.

ఇరవయ్యోది ఇవ్వకముందే ఒక ఆదివారం చర్చి భోజనాల్లో ఆంటీ నా ప్లేటులో బిర్యానీ వడ్డిస్తూ, "మీ అంకుల్ నెలాఖరుకి జర్మనీ వెళ్తున్నారు, తెలుసా? మీ లైనుకి కొత్త మిషన్ అంట. బిగించడం, టెస్టు చెయ్యడం అంతా అదే చేసుకుంటదంట. ఒక్క మనిషి చూసుకుంటే చాలంట," అన్నారు. పాపం ఆవిడకేం తెలుసు, సంతోషంగానే చెప్పారు. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. కొత్తగా వచ్చేవాళ్లంటే మనుషులు కాదన్నమాట. నా చేతులతోనే మా పదకొండు మంది కుర్చీలు లాగించాడు ఈ పెద్దమనిషి.

హాలు అవతల ఆయన పిల్లలకు గ్లాసుల్లో కోక్ పోస్తున్నారు. వెళ్లి అడగొచ్చు. అడగలేదు. ఆయనే చెప్పాలి అనుకున్నాను.

సోమవారం ఆరోజు బిగించినవాటిలో అన్నింటికన్నా మంచి బకిల్ తీసి పక్కన పెట్టాను. మధ్యాహ్నం ఆయన వచ్చారు. "ఇరవయ్యోది దొరికిందా? దీని జబ్బేంటి?"

"రెండు చప్పుళ్లు," అన్నాను. పనిలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి నొక్కారు. ఇంకోసారి నొక్కారు. నా మొహంలోకి చూశారు. చీటీ రాసి కట్టి, జేబులో వేసుకుని వెళ్లారు. మోసపోయారని లోపల్లోపల సంబరపడ్డాను.

శీతాకాలంలో పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో మిషన్ దిగింది. దాంతోపాటు ఒక జర్మనీ ఇంజనీరు, మాటలు తక్కువ, పని ఎక్కువ. పద్ధతి ఏమిటంటే, తెలిసిన చెడ్డ ముక్కల్ని మిషన్ చేత పరీక్ష చేయించాలి. అన్నింటికీ ఎర్రదీపం వెలిగితేనే ఫ్యాక్టరీవాళ్లు ఒప్పుకుని సంతకం పెడతారు. మమ్మల్నందర్నీ కూడా చూడ్డానికి పిలిచారు. పందొమ్మిదింటికీ ఎర్రదీపం. ఇరవయ్యోదానికి పచ్చదీపం.

"ఇది మంచి ముక్క," అన్నాడు జర్మనీ అతను.

"కాదు," అన్నారు అంకుల్. "మా అమ్మాయి చెడ్డదంది. మీ మిషన్‌కి చెవుడు."

అతను మళ్లీ పెట్టాడు, మళ్లీ పచ్చ. టెస్టు చేసే భాగం మొత్తం విప్పాడు. జర్మనీకి ఫోన్లు చేశాడు. అక్కడి నుంచి కొత్త సెన్సర్ విమానంలో వచ్చింది. మూడు వారాలు మిషన్ ఆగింది, మూడు వారాలు మేం చేత్తోనే బిగించాం. చివరికి మేనేజరు అంకుల్‌ని అద్దాల గదిలోకి పిలిచి కేకలేశాడు. బయట ఉన్న మాకు వినపడలేదు, కనపడింది. తల దించుకుని నిలబడ్డారు. ఫ్యాక్టరీవాళ్లు ఆ ముక్కను లెక్కలోంచి తీసేసి సంతకం పెట్టేశారు.

ఆ శుక్రవారం పది మందికి ఉత్తరాలు ఇచ్చారు. నాకివ్వలేదు. మిషన్ చూసుకునే ఆ ఒక్క మనిషీ నేనేనట. రోజూ పొద్దున నా పందొమ్మిది చెడ్డ ముక్కలు దానికి తినిపించి, ఎర్రదీపాలు వెలిగాయో లేదో రాయడం పని. అంకుల్ నా పేరే ఇచ్చారట. నా పక్కన మూడేళ్లు కూర్చున్న గ్రీకు ఆవిడ ఏప్రన్ మడిచి సంచిలో పెట్టుకుంటూ, "నీకు ముందే తెలుసు కదా, లవ్?" అంది ఇంగ్లీషులో. అందర్నీ లవ్ అనే పిలిచేది. తిట్టినా బాగుండేది. ఆ ఉద్యోగం నాకొద్దని అక్కడికక్కడే చెప్పేసి ఆమె వెనకే బయటికొచ్చాను.

తర్వాత చర్చిలో ఆయన ఎడమవైపు కూర్చుంటే నేను కుడివైపు కూర్చునేదాన్ని. ఒక్కసారి ఇంటికొచ్చారు. టీ ఇచ్చి, కూర్చోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఎక్కడన్నా చూడనామ్మా పని?"

"కుట్టుమిషన్ కొనుక్కున్నానంకుల్."

"పిల్లోడు బాగా చదువుతున్నాడా?"

"ఆఁ."

టీ కప్పు చేత్తో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూశాను. తప్పయిపోయిందమ్మాయ్ అంటే అక్కడే ఏడ్చేసి క్షమించేద్దును. "వస్తానమ్మా," అని లేచారు. కారెక్కి బకిల్ పెట్టుకున్నారు, రెండుసార్లు నొక్కి.

మంగళవారం సమాధి కార్యక్రమం అయ్యాక ఆంటీ నన్ను పక్కకు పిలిచి చిన్న బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టారు. "ఆయన సొరుగులో ఉంది. మూత మీద నీ పేరుంది," అన్నారు. లోపల బకిల్, దాని నాలుక, తెల్లదారంతో కట్టిన చీటీ. ఇరవై అని అంకె. ఆ సోమవారం తేదీ. "రెండు చప్పుళ్లు" అని ముందు రాసి, అదే సిరాతో కొట్టేసి, కింద రాశారు: "మంచిది. అమ్మాయికి తెలిసిపోయింది. మిషన్ ఎన్నాళ్లు ఆగితే అన్నాళ్లు."

కాబట్టి ఆయన మోసపోలేదు. మంచి ముక్క అని తెలిసే జర్మనీ అతనితో వాదించారు, తెలిసే అద్దాల గదిలో తల దించుకున్నారు, మాకు మూడు వారాలు సంపాదించిపెట్టారు. ఎవరడిగారు ఆ మూడు వారాలు? మొదట ఒక్క నిజం చెప్పి ఉంటే పదకొండు మందిమీ ముందే వేరే పని వెతుక్కునేవాళ్లం కదా! గ్రీకు ఆవిడ నన్ను అలా చూసేది కాదు కదా! చేతికి తెలిసింది నోటితో చెప్పించిన మనిషి, తన నోటికి తెలిసింది మాత్రం చీటీ మీద రాసుకుని సొరుగులో పెట్టుకున్నారు. నేను మాత్రం ఏం తక్కువ? ఆ టీ కప్పు ముందు నేనూ నోరు విప్పలేదు.

ఆ బకిల్ ఇప్పుడు నా కుట్టుమిషన్ పక్కన ఉంది. చీటీ విప్పలేదు. దారం మార్చినప్పుడల్లా చెయ్యి దాని మీదికే పోతుంది. నాలుక దూరుస్తాను, చెవి దగ్గర పెట్టుకుంటాను, ఆ రెండో చప్పుడు ఉందేమోనని వింటాను. చీటీ ఊగుతుంది. టక్. ఒక్కటే.