ఫోన్‌లోంచి వచ్చిన పండు వాసన

దయ్యాలంటే నాకు భయం లేదు, భక్తీ లేదు. బెంగళూరు మడివాళలో పీజీ హాస్టల్లో ఉన్న రోజుల్లో బాత్రూములో ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలంతా హడలిపోతుంటే, నేనే వెళ్ళి తలుపు తీసి చూశాను. వాషరు అరిగిన కుళాయి. ప్లంబరు వచ్చి దయ్యాన్ని వదిలించాడు. ఇప్పుడు చెప్పబోయేది కూడా అలాంటి కుళాయి కథే అయితే బాగుండునని చాలా రోజులు చూశాను. కాలేదు.

నా ఉద్యోగం కూడా నమ్మకాలకు చోటిచ్చేది కాదు. బెంగళూరులో షుగరు, థైరాయిడ్ లాంటి హార్మోను జబ్బుల మీద పరిశోధన చేసే ఒక క్లినిక్కులో కోఆర్డినేటరుని. కొత్త మందు వాడి చూడటానికి ఒప్పుకున్నవాళ్ళను వేళకు పిలిపించడం, రక్తపరీక్షలు సరిగ్గా జరిగేలా చూడటం, ఒంట్లో ఏ మార్పు వచ్చినా అడిగి రాసుకోవడం నా పని. ఎవరైనా తల తిరిగినట్టుంది అంటే ఎప్పుడు, ఎంతసేపు, ఏం తిన్నాక అని వాళ్ళ ప్రాణం తీస్తాను. "అదోలా ఉంది" అనే మాట మా దగ్గర చెల్లదు.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన షుగరుకి రోజూ ఇన్సులిన్ వేసుకునేవాడు. ఎవరో ఆకుపసరుతో జబ్బు కుదురుతుందని చెబితే నమ్మి సూది మానేశాడు. కొన్నాళ్ళకు ఒకరోజు నీరసంగా ఉందని పడుకున్నాడు. ఎలా ఉందని ఎవరడిగినా బాగానే ఉందన్నాడు. ఇల్లంతా బాగా మాగిపోయిన అరటిపండు వాసన. ఎక్కడో పండు కుళ్ళిందని అమ్మ మంచం కింద, బియ్యం డబ్బాల వెనక, దేవుడి పటాల వెనక వెతుకుతూనే ఉంది. సాయంత్రానికి నాన్న పోయాడు.

ఆ వాసన ఆయన ఊపిరిదని మాకెవరికీ తెలియదు. ఒళ్ళు చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడితే రక్తం పులిసిపోతుంది, ఊపిరికి ఆ పండు వాసన వస్తుంది. ఈ ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. నేర్చుకున్న రోజే అమ్మకు చెప్పాను. 

"పండు కోసం వెతక్కుండా ఆయన పక్కన కూర్చుని ఉంటే తెలిసేదేమోనే," అంది అమ్మ.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు అమ్మా నేనూ ఒకేసారి మంచం పట్టాం. అమ్మ పోయింది. నేను లేచాను గానీ, నాకు వాసన తెలియడం పోయింది. జలుబు చేసినప్పటిలా కాదు, పూర్తిగా పోయింది. పొయ్యి మీద పప్పు మాడి గిన్నె నల్లబడ్డా పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టాల్సిందే. చెవి ముక్కు గొంతు డాక్టరు కళ్ళు మూయించి లవంగాలు, కాఫీపొడి, సబ్బు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాడు. ఏదీ చెప్పలేకపోయాను. ఈ రోజుకీ నేను తాగే ఫిల్టరు కాఫీ నాకు చేదు వేడినీళ్ళే.

ఇక, మా దగ్గర కొత్త షుగరు మందు వాడి చూడటానికి చేరిన శెట్టిగారు. కాటన్‌పేటలో ఆయనకు ఊదుబత్తీల హోల్‌సేల్ దుకాణం. తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. కింద దుకాణం, పైన ఇల్లు. మా దగ్గర పరీక్షిస్తున్నది ఎక్కువైన చక్కెరను మూత్రంలో పంపించేసే రకం మాత్ర. అసలు మాత్ర ఎవరికి వెళ్తోందో, మందు లేని ఉత్త బిళ్ళ ఎవరికి వెళ్తోందో ఫలితాలు తేలేదాకా మాకూ తెలియనివ్వరు. శెట్టిగారు మాత్రం ప్రతిసారీ తన షుగరు అంకె ఎంత వచ్చిందా అని పరీక్ష తప్పిన పిల్లాడిలా తల వంచుకుని నిలబడేవారు. ఎక్కువ వస్తే తనను తీసేస్తారని ఆయన దిగులు. అలా తీసెయ్యరని ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకునేవారు కాదు.

ఒకసారి, మర్నాడు ఆయన రక్తపరీక్షకు రావాల్సి ఉంది. ముందురోజు పొద్దున పదకొండు ప్రాంతంలో గుర్తుచేయడానికి ఫోన్ చేశాను. పక్క బల్ల దగ్గర మా నర్సు శిల్ప రక్తం సీసాలకు చీటీలు అంటిస్తోంది.

ఆయన హలో అనగానే వాసన వచ్చింది.

ఏళ్ళ తరబడి ఏ వాసనా ఎరగని మనిషిని. మొదట అది వాసన అని కూడా తోచలేదు, ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారనుకున్నాను. తర్వాత తెలిసింది. మాగిన అరటిపండు. నాన్న పడుకున్న గది. 

శెట్టిగారు హుషారుగానే మాట్లాడుతున్నారు. ఇంట్లో మిషను మీద షుగరు చూసుకున్నారట, అంకె ఎప్పుడూ లేనంత బాగుందట, రేపు నేనే మెచ్చుకుంటానట. సరేనని పెట్టేశాను. వాసన పోయింది. ఇక్కడేమైనా పండు కుళ్ళిందా అని శిల్పను అడిగాను. ఆమె గట్టిగా ముక్కు ఎగబీల్చి, స్పిరిట్ వాసన తప్ప ఏమీ లేదంది. నాకు వాసన తెలియదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి నా మొహంలోకి వింతగా చూసింది.

నా పిచ్చి గానీ అనుకుని జాబితాలో తర్వాతి ఆవిడకు ఫోన్ చేశాను. ఆవిడతో తీరిగ్గా మాట్లాడాను. ఏ వాసనా లేదు. మళ్ళీ శెట్టిగారికి చేశాను.

మళ్ళీ అదే. ముందుకంటే ఘాటుగా.

ఏం తిన్నారని అడిగాను. అన్నీ అయినాయని దాటవేశారు. నాన్న కూడా బాగానే ఉందన్నాడు కదా అనిపించి, ఇంట్లో ఆవిడకు ఫోన్ ఇమ్మన్నాను. ఆయన భార్య రుక్మిణమ్మగారు తీసుకున్నారు. ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాను. చివరికి, ఆయన ఊపిరి పండు వాసన వస్తోందేమో కాస్త దగ్గరికెళ్ళి చూడమన్నాను. ఆవిడ నవ్వారు. కిందా పైనా ఊదుబత్తీలే, ఆ ఇంట్లో మనిషి వాసన ఎవరికి తెలుస్తుందన్నారు. పోనీ ఆయన భోజనం సరిగ్గా చేశారా అని అడిగాను. ఆవిడ గొంతు తగ్గింది.

"రెండు దినాలనుంచి అన్నం ముట్టలేదమ్మా. మీ టెస్టు బాగా రావల్లని. మీకు చెప్పొద్దనినాడు. పొద్దున్నుంచి ఒకటే వాంతులు."

ఆ పైన నేను ఆలోచించింది లేదు, డాక్టరు గదిలోకి పరుగెత్తాను. అన్నం మానేసి ఆ రకం మాత్ర మింగితే, షుగరు మామూలుగా ఉన్నా లోపల రక్తం పులిసిపోవచ్చు. ఈ సంగతి మా డాక్టరమ్మ ప్రతి ఒక్కరికీ చెప్పే పంపిస్తుంది. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రమ్మన్నాం మేము. ఒక రాత్రికి అంత మంచిదైతే రెండు రోజులకు ఇంకెంత మంచిదో అనుకున్నారు ఆయన.

ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడివాళ్ళు అంకె బాగానే ఉందని, నీరసానికి సెలైను ఎక్కించి పంపేద్దామనుకున్నారు. డాక్టరమ్మ ఫోన్‌లో పట్టుబట్టి, రక్తం పులిసిందేమో చూసే వేరే పరీక్ష చేయించింది. ఫలితం చూశాక ఆయనను తిన్నగా ఐసీయూలోకి తీసుకెళ్ళారు. ఆ రోజు సాయంత్రం దాకా నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. శెట్టిగారు బతికారు. మర్నాటిదాకా ఆగి ఉంటే మా క్లినిక్కు మెట్లెక్కేవారు కాదని డాక్టరమ్మ అంది.

నీకెలా అనుమానం వచ్చిందని ఆమె అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆయన ఎగఊపిరి నీ చెవికి తెలిసి ఉంటుంది, ఆ చప్పుడుకి నీ బుర్ర పాత వాసనను జోడించి ఉంటుంది అంది. కావచ్చు. కానీ నాన్న ఊపిరి ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. వాసన పోయిన ముక్కు ఒక్కోసారి లేని వాసనలు పుట్టిస్తుందని ముక్కు డాక్టరు చెప్పాడు. అదీ కావచ్చు. ఒక్కసారైతే కాకి వాలడం, తాటిపండు పడటం అని నేనే కొట్టిపారేసేదాన్ని. రెండు ఫోన్లకూ వచ్చి, మధ్యలో జాబితాలోని తర్వాతి ఆవిడకు చేసిన ఫోనుకు రాకపోవడం ఎలాగో ఇద్దరూ చెప్పలేదు.

ఒళ్ళు కుదుటపడ్డాక శెట్టిగారు ఊదుబత్తీల పెట్టె పట్టుకుని వచ్చారు. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని మా నియమం. కనీసం వాసనైనా చూడమని పెట్టె మూత తీసి నా ముందు పెట్టారు. చూశాను. ఏమీ తెలియలేదు. నా ముక్కు సంగతి అప్పుడే ఆయనకు చెప్పాను. మా నాన్న గురించి, పండు కోసం వెతికిన అమ్మ గురించి, ఆ జ్వరంలోనే ఆమె పోవడం గురించి కూడా ఎందుకో చెప్పేశాను. ఆయన మెల్లగా మూత పెట్టారు.

"ఊదుకడ్డీలతో మా ఇంట్లోవాళ్ళ ముక్కులు ఎప్పుడో చచ్చిపోయిండాయి. జ్వరంతో నీ ముక్కూ పోయిండాది. మరి ఆ పొద్దు వాసన పట్టిన ముక్కు ఎవురిదమ్మా?"

మంచం కింద, డబ్బాల వెనక పండు కోసం వెతికిన అమ్మ కళ్ళ ముందు మెదిలింది.  దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆయన వెళ్ళిపోయాక మాత్రం బాత్రూములోకి వెళ్ళి బాగా ఏడ్చాను.

ఇప్పుడు ఎవరికి ఫోన్ చేసినా, పెట్టేసే ముందు ఒకసారి గట్టిగా ఊపిరి పీలుస్తాను. శిల్ప చూసి, చూడనట్టు తల తిప్పుకుంటుంది. ఇంతవరకూ మళ్ళీ ఏ వాసనా రాలేదు. అవతలి మనిషి బాగున్నాడు, హమ్మయ్య అనుకుంటాను. ఆ వెంటనే, అమ్మ ఈ రోజు కూడా రాలేదు అనుకుంటాను.