మసి కింద ముఖం

మా తిరుపతిలో గంగమ్మ జాతరప్పుడు ఎవరినైనా తిట్టవచ్చు. ఒళ్లంతా బొగ్గుమసి పూసుకుని, వేపమండలు కట్టుకుని వీధిలోకి వచ్చినవాడు నోటికొచ్చిన బూతులు తిడతాడు. తిట్లు పడ్డవాళ్లు దండం పెడతారు. ఆ తిట్టు తగిలితే ఏడాదంతా జబ్బులు దగ్గరికి రావని నమ్మకం. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, తిట్టించుకోవడానికని గడపలో కూర్చుంటుంది. ఎవడైనా మొహమాటపడి మెల్లగా తిడితే ఆమెకు కోపం. "ఏమప్పా, అన్నం తినలేదా?" అని దులిపేస్తుంది.

పోయిన ఏడాది మా అక్క కొడుకు వేషం కట్టాడు. వాడికి కామెర్లు తగ్గితే ఏటా వేషం కట్టిస్తానని మా అక్క మొక్కుకుంది. వాడు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తూ, ఎప్పుడు పర్మినెంటు చేస్తారా అని ఎదురుచూస్తున్నాడు. మసి నేనే పూశాను. కనురెప్పలు కూడా వదల్లేదు. అద్దంలో చూసుకుని, "మామా, నన్ను నేనే గుర్తుపట్టలేకుండా ఉండానే" అని పకపకా నవ్వాడు.

గుడి వీధి మలుపులో వాళ్ల ఫ్యాక్టరీ మేనేజరు భార్యతో సహా ఎదురుపడ్డాడు. ఆయనదీ ఈ ఊరే. మావాడికి చేసిన ఓవర్‌టైములన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయేమో, ఆయన్నూ ఆయన కంపెనీనీ పేరు పెట్టి ఏకిపారేశాడు. ఆయన నవ్వుతూ చేతులు జోడించాడు. ఆయన భార్య మావాడి నుదుట కుంకుమ పెట్టింది. చుట్టూ ఫోన్లు లేచాయి. జాతరలో ఫోన్లు లేవడం మామూలే కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు.

జాతర అయ్యాక వాడు పనికి వెళితే గేటు తెరుచుకోలేదు. అక్కడ ముఖం చూపిస్తే తెరుచుకునే యంత్రం ఉంది. కాసేపటికి ఫోనుకు మెసేజి వచ్చింది, సంస్థను దూషించినందుకు పనిలోంచి తీసేశామని.

నేను మేనేజరు ఇంటికి వెళ్లాను. కొట్లాడదామనే వెళ్లాను. తీరా చూస్తే ఆయన నాకంటే దిగాలుగా ఉన్నాడు.

"నేను ఫిర్యాదు చేస్తానా అన్నా? అది అమ్మవారి తిట్టు గదా."

"మరి ఎవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. కంపెనీ పేరు యాడ వినపడినా పట్టుకునే ప్రోగ్రాం ఒకటి పెట్టినారు. అదే వీడియో పట్టింది, మసి కింద ముఖాన్ని గేటు దగ్గరుండే ఫోటోతో పోల్చుకునింది, అదే తీసేసింది. వద్దని నేను పైకి రాసినాను. దానికి గూడా అదే జవాబిచ్చింది."

ఇంటికి నడిచి వస్తుంటే నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఎంత అన్యాయం జరిగినా కాలరు పట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. ఆడవాళ్లను చెరబట్టి దాక్కున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మంతటిది రోజుకో వేషం వేసి వీధివీధీ వెతికిందంటారు. ఈ ప్రోగ్రాంకు ఆ శ్రమ కూడా లేదు. పైగా ఇది ఇంకా పసిబిడ్డేనట, ముందు ముందు ఇంట్లో గొణుక్కున్నదీ, చూపులో కనిపించే విసుగూ కూడా చదివేస్తుందట. అప్పుడు మనుషులను ఎవరూ కట్టెయ్యక్కర్లేదు. తమంతట తామే నోరు కట్టుకుంటారు. వాళ్ల పిల్లలు, నోరనేది ఇంకోలా ఉండేదని కూడా తెలియకుండా పెరుగుతారు. లోకం పాడైపోవడమంటే బాంబులు పడటమని అనుకునేవాణ్ణి. ఇట్లా చప్పుడు చెయ్యకుండా వస్తుందేమోనని ఇప్పుడు నాకు నిజంగా భయమేస్తోంది.

ఈ ఏడు మావాడు మళ్లీ వేషం కట్టాడు. ఇప్పుడు వాడు ఇంటింటికీ సరుకులు చేరవేస్తున్నాడు. ఆ పని ఇచ్చేదీ ఫోనే, ఆపేదీ ఫోనే. నేను మసి పూస్తున్నంతసేపూ కదలకుండా కూర్చున్నాడు, అద్దం అడగలేదు.

అమ్మకు ఈమధ్య ఆయాసం ఎక్కువైంది. మనవడి చేతే తిట్టించుకోవాలని, వచ్చిన వేషాలన్నిటినీ పంపేసి గడపలో కాచుకుని ఉంది. వాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తిట్టురా నాయనా."

వాడు ఎదురింటి స్తంభం మీదున్న కెమెరా వైపు చూశాడు. చేతులు జోడించాడు.

"గట్టిగా తిట్టురా. నా ఆయాసం పోవాల."

వాడి పెదాలు కదిలాయి. మాట రాలేదు. అమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. కాసేపు అట్లాగే ఉండి నా వైపు తిరిగింది.

"ఇంగ నాకు చెవులు గూడా పోయినట్టుండాయి రా" అంది.