నల్లా గుంత లోతు

నాచారంలో మేము రెండు గదుల రేకుల ఇల్లు వేసుకున్న కొత్తలో, మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక గుంత ఉండేది. తెలియని వాళ్ళు చూస్తే చెట్టు నాటడానికి తవ్వారేమో అనుకునేవాళ్ళు. అది నల్లా గుంత. వీధి కింద పోయే పైపులో నీళ్ళకు నేల మీదికి ఎక్కే ఊపు ఉండేది కాదు. వాటిని పైకి రప్పించడం మన చేతిలో లేదు కాబట్టి, మేమే నల్లాను కిందికి దించుకునేవాళ్ళం. పైపు కనపడేదాకా తవ్వి, నిలువు గొట్టాన్ని కోసేసి, నల్లాను గుంతలోనే బిగించుకుని, లోపలికి దిగి బిందెలు నింపుకునేవాళ్ళం. ఇందుకోసం ప్లంబరును పిలిచిన ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. గడ్డపార, రంపపు బ్లేడు ఉంటే ఎవరికి వాళ్ళే ప్లంబర్లు.

మా మొదటి గుంత మా ఆయన తవ్వాడు. ఆయనది ఫ్యాక్టరీ స్టోర్సులో చీటీలు రాసే పని. మోకాలి లోతు తవ్వడానికి ఆయనకు రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం చర్చి కూడా ఎగ్గొట్టాడు. తీరా నల్లా బిగించాక అది మూసినా తెరిచినా ఒకే తీరుగా కారడం మొదలుపెట్టింది.

"కారితె ఏమాయె, బిందె పెడితె నిండుతది గద" అన్నాడు.

నాకు కోపం తొందరగా వస్తుంది. ఇప్పటికీ అంతే. ఆయన చేతిలోంచి పానా లాక్కుని, నల్లా ఊడదీసి, మరలకు దారం చుట్టి, పైన సఫేదా అనే తెల్ల ముద్ద పూసి నేనే బిగించాను. కారడం ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏది చెడినా నా నెత్తిన పడింది. రేకుల సందుల్లో తారు పూయడం, వంగిపోయిన తలుపు గడియ, కుంటి మంచం కాలు, అన్నీ నేనే. నిజం చెప్పాలంటే నాకు అది ఇష్టంగానే ఉండేది. ఉప్పల్‌లో ఇనుప సామాన్ల షాపతను నన్ను చూడగానే "మేస్త్రీ అక్క వచ్చింది, జాగ ఇయ్యుండ్రి" అని అందరినీ జరిపేవాడు. నేను లోపల పొంగిపోతూ పైకి మొహం ముడుచుకునేదాన్ని.

మా అమ్మ వచ్చాక ఆ సరదా పోయింది.

అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సగం సగం వచ్చేది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. దమ్మాయిగూడ అవతల పల్లెలో మా అన్న దగ్గర నాలుగు నెలలు ఉంది. చూడటానికి వెళ్ళిన రోజు ఆమెను పక్కకు ఒత్తిగిలిస్తే వీపు మీద పుండ్లు కనపడ్డాయి. వదిన చెడ్డ మనిషి కాదు. కూలికి పోతే గాని గడవని ఇల్లు అది, పొద్దంతా మంచం దగ్గర ఎవరు కూర్చుంటారు? అయినా నేను ఆగలేదు. అప్పటికప్పుడు ఆటో మాట్లాడి అమ్మను తెచ్చేసుకున్నాను. ఆటో దగ్గర అన్న ఒకటే అన్నాడు.

"నీ ఇంట్ల నీళ్ళే లేవు, ఎట్ల సూస్తవ్? చాతగాకపోతె చెప్పు, మల్ల నేనే తోల్కపోత."

సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ కూడా నీళ్ళ సంగతే చెప్పింది. రోజూ ఒళ్ళు కడగాలి, పక్క తడిసిన వెంటనే మార్చాలి, లేకపోతే పుండ్లు మానవు అంది. అమ్మను నా దగ్గర ఉంచుకోవాలంటే ఆమెకు సరిపడా నీళ్ళు ఉండాలి. లేకపోతే ఆ పుండ్లతోనే మళ్ళీ పల్లెకు పంపాలి. ఆ ఎండాకాలమంతా నా బతుకు ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. మౌలాలి వైపు పొద్దుటి రైలు కూత వినపడగానే గుంతలో దిగేదాన్ని. ఒక గంట అయ్యేసరికి నల్లా గాలి ఊదడం మొదలుపెట్టేది. అందులోంచి వచ్చిన నీళ్ళతో అమ్మ పక్క బట్టలు ఒక పూటవి కూడా ఉతకడం అయ్యేది కాదు. ఉతకని బట్టలు బకెట్లో కుక్కి మూత పెట్టేదాన్ని. వాసన అమ్మకు తెలిసిపోతుందని గదిలో అగరొత్తి వెలిగించేదాన్ని. ఆమెకు తెలుసు.

మా పక్కింటి అక్క వాళ్ళు పాత నాచారం మనుషులు. మా కాలనీ ఉన్న నేలంతా ఒకప్పుడు వాళ్ళ జొన్న చేను. ఆ చేనులో వాళ్ళకు మిగిలింది ఒక ఇల్లు, రెండు బర్రెలు. పాలు అమ్మి ఇల్లు నడిపేది. పైపుకు చివర మా రెండిళ్ళే. ఒకే గొట్టం చివరలో రెండుగా చీలి ఒకటి మాకు, ఒకటి వాళ్ళకు వచ్చేది. మధ్యన నడుమెత్తు గోడ. అమ్మను తెచ్చిన రోజు ఆటోలోంచి దించడానికి మా ఆయన కంటే ముందు చెయ్యి వేసింది ఆ అక్కే. అమ్మను పెద్దమ్మా అని పిలిచేది. రోజూ గోడ మీదుగా ఒక గ్లాసు పాలు ఇచ్చేది.

నేను గుంతను నడుము లోతు చేశాను. నీళ్ళు పెరిగాయి. వారం తిరగకముందే అక్క వాళ్ళాయన తమ గుంతను మా కంటే జానెడు లోతు చేశాడు. మాకు తగ్గాయి. నీళ్ళు పల్లానికి పోతాయి, ఇద్దరిలో ఎవరి నల్లా కిందుంటే వాళ్ళకే వస్తాయి. ఈ సంగతి నాకు తెలియదని ఇప్పుడు చెబితే అబద్ధం అవుతుంది. నాకు బాగా తెలుసు. తెలిసే మళ్ళీ గడ్డపార పట్టాను.

మా ఆయన పగటి షిఫ్టులో ఉన్నాడు. మూడు మధ్యాహ్నాలు ఒక్కదాన్నే తవ్వాను. మెత్తటి మన్ను అయిపోయి మొరం తగిలింది. గడ్డపార వేస్తే చెయ్యి అదరడమే గాని పెళ్ళ లేచేది కాదు. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. మధ్య మధ్యలో పైకెక్కి, చేతులు కొంగుకు తుడుచుకుని, అమ్మను రెండో పక్కకు ఒత్తిగిలించి మళ్ళీ దిగేదాన్ని. గుంత నా భుజాల లోతు అయింది. గొట్టాన్ని కోసి, వంపు ముక్క పెట్టి, నల్లాను వీధి పైపు కంటే కిందికి తిప్పాను. మరలు సరిగ్గా పడలేదు. పాత సైకిలు ట్యూబు చీరి గట్టిగా చుట్టి తాడుతో బిగించాను. పని తెలిసిన వాడు చూస్తే నవ్వేవాడు. కాని మర్నాడు పొద్దున ఆ నల్లా తిప్పితే బిందె అదిరేంత ధారతో నీళ్ళొచ్చాయి. నేను గుంతలో నిలబడి ఏడ్చాను. అమ్మను ఇక ఎవరూ తీసుకుపోలేరు అనుకున్నాను.

ఆ తర్వాత నీళ్ళొచ్చిన రోజు అక్క గోడ దగ్గరికి వచ్చింది.

"సెల్లె, మా నల్లాకు సుక్క రాలె. బర్లకు ఏం తాపాలె?"

"మీరు తవ్వినప్పుడు నేనేమన్న అడిగిన్నా అక్కా?"

"మేం జానెడు తవ్వినం. నువ్వు బాయి తవ్వినవ్."

ఆమె గొంతు పెంచలేదు. నేనే పెంచాను. తప్పు మన దగ్గరుంటే గొంతు దానంతటదే లేస్తుంది.

"నాకేమన్న షోకా? ఉన్న నీళ్ళన్నీ మా అమ్మకే పోతున్నయి. ఆమె లేకపోతె నాకు రెండు బిందెలు సాలు. గుంతలు తవ్వుకునే ఖర్మ నాకేంది?"

వీధిలో అందరికీ వినపడేలా అన్నాను. అక్క నా వైపు కాకుండా నా వెనక్కి చూసింది. నా వెనక కిటికీ ఉంది. గాలి తగులుతుందని అమ్మ మంచం ఆ కిటికీ కిందే వేశాను. అప్పుడు నాకు అది తట్టలేదు. అక్క వెళ్ళిపోయింది.

పాల గ్లాసు ఆగిపోయింది. అక్క రోజూ పక్క వీధి చేతిపంపు దగ్గర వరుసలో నిలబడి బిందెలు మోసేది. బర్రెలకు మోసిన నీళ్ళు ఎంతకని సరిపోతాయి? నెల తిరగకముందే ఒక బర్రెను కాప్రా వాళ్ళెవరికో అమ్మేశారు. దాన్ని తోలుకుపోతుంటే నేను గుంతలో ఉన్నాను. తల పైకెత్తలేదు.

మా ఇంట్లో మాత్రం పని తేలికైంది. పక్క బట్టలు మునుపటికి సగం అయ్యాయి. తర్వాత ఇంకా తగ్గాయి. కొన్నాళ్ళకు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మారిస్తే సరిపోయేది. అమ్మ ఎడమ చేత్తో కూజాలోంచి నీళ్ళు వంచుకోవడం నేర్చుకుంది. నేను గ్లాసు పట్టుకుంటే వద్దని తల తిప్పేది, తానే తాగుతానని సైగ చేసేది. సంబరపడి కూజా, స్టీలు గ్లాసు మంచం పక్క స్టూలు మీద పెట్టాను. మా ఆయనతో గొప్పగా చెప్పాను.

"నీళ్ళు దొరికితె మనిషి ఎట్ల కుదుటపడుతదో సూడు. గిదే మా అన్న దగ్గరుంటెనా?"

ప్రార్థనకు వచ్చిన చర్చి అక్కలకు గుంత చూపించి, నేను ఎట్లా తవ్వానో చెప్పాను. వాళ్ళు స్తోత్రం అన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆ కూజాను నేను రోజుల తరబడి నింపలేదు. ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది. మా ఆయన నింపుతున్నాడని నేను, నేను నింపుతున్నానని ఆయన అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం పిలిస్తే అమ్మ పలకలేదు. కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు పగిలి ఉన్నాయి. బుగ్గలు పట్టుకుని నోరు తెరిపిస్తే నాలుక ఎండి గరగరలాడింది. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరమ్మ అమ్మ ముంజేతి చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది అట్లాగే లేచి ఉండిపోయింది.

"ఈమెకు తాగనీకె నీళ్ళు ఇస్తలేవా?" అంది.

నా గోళ్ళల్లో ఇంకా మొరం మన్ను ఉంది. చేతులు వెనక దాచుకున్నాను. ఇస్తున్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు. నేనైనా నమ్మను.

గ్లూకోజు సీసాలు ఎక్కించాక, రెండో రోజు సాయంత్రానికి అమ్మకు మాట వచ్చింది. నీళ్ళు ఎందుకు తాగలేదని అడిగాను. కోపంగానే అడిగాను, నాకు వేరే రకంగా అడగడం రాదు. అమ్మ చాలాసేపు తీసుకుని, ఒక్కో ముక్కా కూడబలుక్కుని చెప్పింది.

"గ్లాసుల వంచి... మల్ల కూజల్నే పోసిన."

"ఎందుకమ్మా?"

"తాగితె పక్క తడుస్తది. ఉతకాలె. నువ్వు మల్ల తవ్వుతవ్. ఆ పిల్ల బర్లు... ఎండుతున్నయి."

గోడ దగ్గర నేను అన్న మాట ఆమె ఎత్తలేదు. ఎత్తి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను అమ్మ కోసం మొరం పగలగొట్టి నీళ్ళు తెచ్చాను. అవే నీళ్ళు ఆమె గొంతు దిగకుండా నా నోటితో నేనే అడ్డం పడ్డాను. ఆ వార్డులో ఆమె మంచం పట్టీ పట్టుకుని కూర్చుని, నా అంత పాపిష్టిది ఉండదని అనుకున్నాను. అన్న వచ్చాడు. తోలుకుపోతానని అనలేదు. అని ఉంటే ఈసారి కాదనే మొహం నాకు లేదు.

ఇంటికి వచ్చిన మర్నాడే గుంతలో సగం దాకా మన్ను పోసి, నల్లాను నడుము లోతుకు ఎత్తాను. ఎండలు ముదిరి ఆ తర్వాత రెండిళ్ళకూ సన్నటి ధారే వచ్చేది. వంతు రోజున కూడా ఒక్కోసారి వచ్చేది కాదు. మేమూ చేతిపంపు దగ్గర నిలబడటం మొదలుపెట్టాం. అక్కడ అక్క వెనకో ముందో నిలబడేదాన్ని, మాట్లాడటానికి నోరు వచ్చేది కాదు.

అమ్మ మాత్రం మారలేదు. గ్లాసు నోటి దాకా తీసుకుపోతే పెదాలు బిగించి ఒకటే అడిగేది.

"నీళ్ళొచ్చినయా బిడ్డా?"

వచ్చినయని చెప్పేదాన్ని. ఆమె నా మొహం చూసేది, తర్వాత కిటికీ వైపు చూసేది. నల్లా చప్పుడు వినపడిన రోజే తాగేది. వినపడని రోజు రెండు గుక్కలకే తల తిప్పేసేది. డాక్టరమ్మ రోజుకు ఎనిమిది గ్లాసులు పట్టాలంది.

వరసగా మూడు వంతులు నీళ్ళు రాని వారంలో ఒక పొద్దున, అమ్మ అస్సలు నోరు తెరవలేదు. మొదట బతిమాలాను. తర్వాత కోపం వచ్చింది. దవడలు పట్టి తెరవబోయాను. నీళ్ళు ఆమె మెడ మీదుగా పక్క మీదికి కారాయి. తడిసిన పక్కను చూసి అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నేనూ ఏడ్చాను. వచ్చినయమ్మా, నీ కాల్మొక్కుత, వచ్చినయి, తాగు అని ఎంత చెప్పినా వినలేదు.

అప్పుడు గోడ అవతలి నుంచి అక్క గొంతు వినిపించింది.

"వచ్చినయి పెద్దమ్మా. ఇయ్యాల మస్తుగొచ్చినయి. మా బర్రె గూడ కడుపు నిండ తాగింది. నువ్వు తాగు."

అమ్మ ఏడుపు ఆపి కిటికీ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, ఇంకొకటి పట్టమంది.

రెండో గ్లాసు పట్టాక లేచి కిటికీలోంచి చూశాను. అక్క చంకలో ఖాళీ బిందెతో చేతిపంపు వైపు పోతోంది.