స్పాంజి మెత్త మీద పాట

మా బావగారు, అనగా మా చెల్లెలి భర్త, తన ఉద్యోగకాలమంతా అట్టపెట్టెల కర్మాగారంలో తనిఖీదారుగా గడిపి విశ్రాంతి పొందిన మనిషి. పెట్టె మడత వంకరపోయినా, రంగు గీత దాటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆయన కంటికి ఇట్టే దొరికిపోయేది. ఆ కన్ను ఇంట్లోనూ విశ్రమించలేదు. ఆయనకున్న ఏకైక వ్యసనం హిందీ సినిమా పాటల సీడీలు కొనడం.

కొన్న సీడీని ఆయన వెంటనే వినేవారు కారు. కిటికీ పక్కన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పైకాగితాన్ని బ్లేడుతో అంచున మాత్రమే కోసి, డబ్బా మూతను రెండు మూడుసార్లు తెరిచి మూసి చూసేవారు. తరువాత లోపలి చిన్న పుస్తకం. పాట రాసినవారి పేరు, వాద్యాలు వాయించినవారి పేర్లు అందులో కనబడకపోతే పెదవి విరిచేవారు.

"హీరోయిన్ మొహం నాలుగు పేజీల్లో వేశారు, పాట రాసినవాడికి గోరంత చోటు లేదు!"

పరీక్ష ముగిశాక తీర్పు. అట్ట నాసిగా ఉన్నవి ప్లేయర్ పక్కకు వెళ్లేవి. వాటిని ఎవరైనా వేసుకోవచ్చు. అట్ట మేలైనవి అద్దాల బీరువాలోకి చేరేవి. వాటిని ఎవరూ ముట్టరాదు. పాటలంటే చెవి కోసుకునే మా చెల్లెలు, అందువల్ల, కొత్త సీడీ వచ్చిన ప్రతిసారీ వంటగది గుమ్మంలో నిలబడి అట్ట బాగుండకూడదని కోరుకునేది.

"ఏమైందండీ, పాసా ఫెయిలా?"

"అద్భుతంగా ఉంది."

"అయితే నా కొంప మునిగిందన్నమాట."

ఆమెకు ప్రాణమైన పాట ఒకటి ఉండేది. మొదట చాలాసేపు వేణువు ఒక్కటే వినబడి, ఆ తరువాత స్త్రీ గొంతు అందుకుంటుంది. ఆ సినిమా సీడీ మొదట చవకరకంలో దొరికింది. డబ్బా పగిలింది, అచ్చు మసక. కాబట్టి ఆమె అదృష్టం బాగుండి, రోజూ వినేది. కొంతకాలానికి బావగారు అదే సినిమాకు మరొక సీడీ తెచ్చారు. నల్లగుడ్డ అతికించిన గట్టి పెట్టె. దళసరి కాగితం పుస్తకంలో వేణువు వాయించినవారి పేరు సైతం ఉంది. సీడీ మెత్తని స్పాంజి మీద కూర్చుని ఉంది. ఇటువంటి పెట్టెను తన సర్వీసులో చూడలేదని చెప్పి, ఆయన దానిని బీరువా నడిమధ్య నిలబెట్టారు. పాతదానిని వీధి చివర సెలూన్ నడిపే ఆయనకు ఇచ్చివేశారు.

"ఒకే సినిమాకి రెండెందుకు? దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండిపోతుంది."

"మరి నేను దేంట్లో వినాలి?"

"అంత తొందరేమిటి? పాట ఎక్కడికి పోతుంది?"

"చూశావా అన్నయ్యా, నా సవతికి పరుపు కూడా వేయించారు" అని చెల్లెలు నావైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వులో కొంత నొప్పి ఉన్నదని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

కొన్నేళ్లకు ఆమె వినికిడి తగ్గసాగింది. చెవుల డాక్టరు పరీక్షించి, నరం బలహీనపడుతోందని, ముందుగా సన్నని స్వరాలు పోతాయని, మిగిలినవి నెమ్మదిగా పోతాయని తెలియజేశారు. ఇంటికి రాగానే ఆమె చెప్పులైనా విప్పకుండా బీరువా ముందు నిలబడింది.

"ఏమండీ, ఆ వేణువు ఒక్కసారి వినాలని ఉంది."

బావగారు కాదనలేదు. అయితే అంతటి సీడీని పాత ప్లేయర్‌లో వేస్తే గీతలు పడతాయని, కొత్తది కొన్న తరువాత వేద్దామని అన్నారు. దుకాణాలన్నీ తిరిగారు. ఒకదాని మూత వదులు, మరొకదాని రంగు నచ్చలేదు. ఈ విధంగా ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది.

చివరకు ప్లేయర్ కొన్ననాడు నన్ను కూడా పిలిచారు. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, పెట్టె తెరిచారు. లోపలి స్పాంజి బంకలాగా కరిగి సీడీకి అంటుకుపోయి ఉంది. మెల్లగా ఎత్తేసరికి వెండిపూత పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది. ప్లేయర్ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోయింది. ఫోన్‌లో వెతికితే ఎవరో కొత్తగా పాడినదే దొరికింది. అందులో వేణువు లేదు.

"ఇంత మంచి పెట్టె..." అన్నారు బావగారు.

"పోనీలెండి, సెలూన్‌లో అడిగి చూద్దాం పదండి" అన్నది చెల్లెలే.

"ఉండకేమండీ! మీరిచ్చిందేగా" అన్నాడు సెలూన్ ఆయన. "డబ్బా ఎప్పుడో ముక్కలైంది, మేకుకి తగిలించా." అద్దం కింది మేకు నుంచి సీడీని తీసి, భుజం మీది తువ్వాలుతో బరబర తుడిచి ప్లేయర్‌లో వేశాడు. మరొకరోజైతే బావగారు అతని చెయ్యి పట్టుకుని ఆపేవారే.

వేణువు మొదలై దుకాణమంతా నిండింది. చెల్లెలు స్పీకరు వంకే చూస్తూ ఉంది.

"వేశాడా?" అని అడిగింది.

బావగారు చేయి పైకెత్తి, వేణువు సాగినంతసేపూ అలాగే నిలిపి, గొంతు అందుకోగానే దించారు.

"ఆ, ఇది వినిపిస్తోంది. వేణువు అయిపోయిందా?"

"అయిపోయింది."

"బాగా వాయించాడా?"

"బాగా... బాగా వాయించాడు."

"మళ్లీ మొదట్నించి వెయ్యమంటారా అమ్మగారూ?" అన్నాడు సెలూన్ ఆయన.

"వద్దు వద్దు. ముందు ఆ గొంతు పూర్తిగా విననీ" అన్నారు బావగారు కంగారుగా.

బీరువాలోని సీడీలన్నీ ఇప్పుడు ప్లేయర్ పక్కన చిందరవందరగా, కొన్ని డబ్బాలైనా లేకుండా పడి ఉంటాయి. ఏ పాట వేసినా, సన్నని వాద్యం వచ్చినచోట బావగారు చేయి ఎత్తుతారు. చెల్లెలు ఆ చేతినే చూస్తూ కూర్చుంటుంది. అది ఎంతకీ దిగకపోతే, "చాలాసేపే వాయిస్తున్నట్టున్నాడు" అంటుంది.