అటక లేదని చెప్పిన గల్లీ

ఈ ప్రయాణానికి కారణం అసూయ. కొత్త ఊరు చూడాలనో, బంధువుల మీద ప్రేమ పొంగిపొర్లిందనో రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ అది అబద్ధం. 2021 వానాకాలంలో, కరోనా రెండో విడత నెమ్మదించాక, మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. సూరత్‌లో ఒక రేషన్ దుకాణం ముందు ఆడవాళ్లు బియ్యం సంచులతో నిలబడ్డారు. మధ్యలో కాగితం పట్టుకుని మా తోడికోడలు భాగ్య. మా మరిది అక్కడ ఖటోదరాలో మరమగ్గం నడుపుతాడు. భాగ్య ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆమె సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, గల్లీలో ఆగిపోయిన ధాన్యం ఇప్పించిందట. మా అత్తగారు ఆ ఫొటో చూపించని గడప మా వీధిలో లేదు. "మా చిన్నకోడలు సర్కారు మెడలు వంచింది" అని చెప్పినప్పుడల్లా నా వైపు ఒక చూపు విసిరేది.

ఆ చూపుకు అర్థం ఉంది. నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. సమాచార హక్కు చట్టం సెక్షన్లతో సహా నాకు కంఠతా వచ్చు. బడులు మూసిన నెలల్లో మా మండలం పిల్లలకు ఇంటికి పంపాల్సిన మధ్యాహ్న భోజనం బియ్యం ఎందుకు అందలేదని మూడు దరఖాస్తులు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు: "మీరు కోరినది సమాచారం కిందికి రాదు." ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో చదువుకున్న కోడలు అంటే నేనే. ఆ ఒక్క కిరీటం కూడా భాగ్య ఎత్తుకుపోయింది. ఎలా చేసిందో చూడాలి, వీలైతే అందులో ఏదో ఒక లొసుగు పట్టుకోవాలి అనుకుని టికెట్టు తీశాను.

సికింద్రాబాదులో మధ్యాహ్నం మూడింటికి రైలెక్కితే మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు సూరత్‌లో దిగాను. ఆ రోజుల్లో రిజర్వేషన్ లేనిదే ఎక్కనిచ్చేవారు కాదు. స్లీపర్‌కు ఐదు వందల చిల్లర అయింది. ఏసీ పెట్టెల్లో కూడా దుప్పట్లు ఇవ్వడం లేదు కాబట్టి మీ దుప్పటి మీరే తీసుకెళ్లండి. దారిలో తినడానికి పులిహోర కట్టుకెళ్లాను కానీ, ఎదుటి సీటాయన ప్రతి పది నిమిషాలకూ దగ్గుతుంటే మాస్కు తీయడానికి భయపడి సగం అలాగే వదిలేశాను.

స్టేషను బయట బల్ల వేసుకుని ఒకామె దిగినవాళ్ల వివరాలు రాసుకుంటోంది. గుజరాతీ కలిసిన హిందీలో పేరడిగింది, చెప్పాను. ఎక్కడికని అడిగింది, పాండేసర అన్నాను. తర్వాత "అటక?" అంది. స్టేషనులో అటక గొడవేమిటో అర్థం కాలేదు. నేను దిగబోయే ఇంట్లో విడిగా ఉండటానికి చోటుందా అని అడుగుతోంది కాబోలు అనుకుని "నహీ హై" అన్నాను. ఆమె తలపైకెత్తి నన్ను ఒకసారి చూసి, కాగితం మీద గీత గీసి, పొమ్మంది. కరోనా పరీక్షకు లోపలికి పిలిస్తే గంట క్యూ, కాబట్టి తప్పించుకున్నానని సంతోషించాను.

పాండేసరకు ఆటోవాడు నూటయాభై అడిగి నూటఇరవైకి దిగాడు. తొందర లేనివాళ్లకు ఉధనా మీదుగా బస్సులున్నాయి, చాలా చవక. దారిలో రంగుల మిల్లుల పొగగొట్టాలు, షిఫ్టుకు సైకిళ్ల మీద పోతున్న మనుషులు. ఆటో డ్రైవర్ మాస్కు గడ్డం కిందికి లాగి, "తెలుగువాళ్ల గల్లీ అంటే ఆ రేషన్ బెన్ ఉండే గల్లీయేనా?" అని హిందీలో అడిగాడు. బెన్ అంటే అక్కయ్య అన్నట్టు. దిగకముందే నా గుండెలో సన్నటి మంట రగిలింది. ఆటోవాడికి కూడా తెలుసా ఈవిడ!

ఒకే వరుసలో ఒంటిగది ఇళ్లు. అందులో పదకొండు ఇళ్ల ఇంటిపేరు వేముల. మాది కూడా. భాగ్య గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏందక్కా గిట్ల చిక్కిపోయినవ్? జర కూసో, చాయ్ పెడ్త. మళ్ల పదకొండింటికి కచేరీకి పోవాలె."

"కచేరీనా? ఈ కరోనాల పాటలేంది?"

"పాటలు గాదక్కా," భాగ్య పగలబడి నవ్వింది. "ఈడ ఆఫీసును కచేరీ అంటరు."

చాయ్ తాగుతూ నేను ఇంక ఆగలేక అడిగేశాను, ఎలా సాధించావని. ఆమె ట్రంకుపెట్టె లోంచి నకలు కాగితాలు తీసి చాప మీద పరిచింది. కార్డు లేని వలస కుటుంబాలకు కూడా ధాన్యం ఇస్తామని చెప్పి, పోయినేడాది ఒకతను వచ్చి గల్లీలో పేర్లు రాసుకుపోయాడట. ఆ జాబితా అది. పేరు గడిలో వేముల. దాని కింద వేముల. దాని కింద వేముల. పదకొండు వరుసలూ అంతే. పక్కగడి పదకొండింటికీ ఖాళీ. మొదటి వరుస తప్ప మిగతా పదింటి మీదా అడ్డగీత.

"మనం ఇంటిపేరు ముందు చెప్తం గద. ఆయన మొదలిన్న మాట పేరు అని రాసుకున్నడు. ఎనుకది ఇంటిపేరేమో అని 'అటక?' అని అడిగిండు. ఈడ ఇంటిపేరును అటక అంటరు. మా మొగోళ్లకు ఎర్కనే, కానీ వాళ్లు షిఫ్టుల మీద ఉన్నరు. ఇండ్లల్ల అందరం ఆడోళ్లమే."

నేను గోడ వైపు చూశాను. పైన చెక్క అటక, దాని మీద బిందెలు, మూటలు. "అయితే?"

"సర్వే అంటే భయమాయె. అటకలున్నయంటే పెద్దిండ్లు అనుకుని కోసేస్తరేమో అని, అందరు లేదు అనుండ్రి అని నేనే చెప్పొచ్చిన, ఇల్లిల్లు తిరిగి." భాగ్య కాగితం మడత పెట్టింది. "ఒకే పేరు, ఒకే గల్లీ, అటక లేదు. అందరొక్కటే అనుకుని పది కొట్టేసిండ్రు. మిగిలిన ఒక్కటి మనదే."

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు లోపల పండగలా అనిపించింది. సర్కారు మెడలు వంచిన మనిషి గల్లీ నోట్లో తానే మట్టి కొట్టిందన్నమాట! ఈ సంగతి అత్తగారి చెవిన ఎప్పుడు వేయాలా అని కూడా ఆలోచించాను. అంతలోనే స్టేషను ముందు బల్ల, ఆ ఆడమనిషి చూపు గుర్తొచ్చి, చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ విషయం మాత్రం భాగ్యకు చెప్పలేదు.

తర్వాత ఏమైందంటే, భాగ్య ఇంటికి మాత్రమే ధాన్యం వచ్చేసరికి గల్లీ అంతా ఆమెతో మాట్లాడటం మానేసింది. లేదనమని చెప్పి మా పేర్లు కొట్టేయించి తన కడుపు నింపుకుందని అన్నారు. ఆమె ఇరవై రూపాయల స్టాంపు అంటించి, జాబితా నకలు ఇమ్మని దరఖాస్తు పెట్టింది. ముప్ఫై రోజుల తర్వాత చేతికొచ్చిన ఆ కాగితం చూశాకే తన తప్పేమిటో ఆమెకు అర్థమైంది. తొమ్మిది ఇళ్లు సరిదిద్దించింది. ఆ రోజు లచ్చవ్వ అనే పెద్దామెకు జ్వరం. మనిషి ఎదుట లేనిదే కుదరదన్నారు. భర్త లేడు, పిల్లల్లేరు, ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరించి బతుకుతుంది. ఈ నెల పంపిణీకి మర్నాడే ఆఖరు. భాగ్య మీద అందరికంటే గట్టిగా అరిచింది ఆమేనట. ఎనిమిది నెలలుగా మాటల్లేవు.

అందుకని ఆటోలో నేను మధ్యన కూర్చోవాల్సి వచ్చింది.

"అక్కా, అడగంగనె పేరు ముందు చెప్పుమను. లచ్చవ్వ అని. అటక అంటే వేముల అనుమను."

"నాకు చెవులున్నయని చెప్పు బిడ్డా ఆమెకు," అంది లచ్చవ్వ బయటకు చూస్తూ.

రెండు కిలోమీటర్లు అలాగే ఇద్దరి మాటలూ మోశాను. షేర్ ఆటోకు మనిషికి పదిహేను రూపాయలు. నేను చేసిన సేవకు నాకే ఇవ్వాల్సింది.

కార్యాలయంలో కిటికీకి ప్లాస్టిక్ తెర కట్టి ఉంది. మా వంతు పన్నెండున్నరకు వచ్చింది. గుమాస్తా పేరడిగాడు. లచ్చవ్వ నాలుగుసార్లు వల్లెవేసిన మనిషే, "వేముల..." అని ఆగిపోయింది. ఆయన విసుగ్గా, ఆ పేరు ఇప్పటికే ఉంది, ఈ నెల జాబితా కూడా మూసేశాం అన్నాడు. భాగ్య నోరు తెరిచేలోపే నేను ముందుకు జరిగాను. ఇది నా సమయం అనిపించింది. ఇంగ్లీషులో, సెక్షన్ నంబర్లతో, అసలు ఎందుకు తొలగించారు, ఎవరి అనుమతితో తొలగించారు, ఎందుకు నోటీసివ్వలేదు అని దంచేశాను. నాలుగు క్యూల జనం నన్ను చూస్తున్నారన్న సంగతి నాకు బాగా తెలుసు. గుమాస్తా అంతా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. భోజన విరామం అని కిటికీ మూసేశాడు.

లచ్చవ్వ మెట్ల మీద కూలబడింది. భాగ్య ఆమె పక్కన కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఎదురుగా లోచో బండి ఉంది. ఈ ఊరు వచ్చినవాళ్లు అది తినకుండా పోవద్దు. శనగపిండి ఆవిరికి ఉడికించి, మెత్తగా ముద్దలా ఉండగానే నూనె, కారం, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. ప్లేటు ముప్ఫై. పేరుకు అర్థమేమిటని అడిగితే బండి ఆయన, "గడబిడ అని. ఖమన్ ఢోక్లా చేయబోతే చెడిపోయిందంట, అట్లనే అమ్మేశారంట," అన్నాడు హిందీలో. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

"నువ్వు గా బియ్యం దరఖాస్తుల ఏమని రాసినవక్కా?" అని భాగ్య మెల్లగా అడిగింది.

"ఎందుకు ఇయ్యలేదు అని."

"ఎందుకంటే వాళ్లకేం? నూరు చెప్తరు, లేకుంటే చెప్పనే చెప్పరు. నేనైతే ఎందుకని అడగలే. లిస్టు సూపెట్టుండ్రి అన్న. ఉంటే సూపెట్టాలె. లేకుంటే లేదని రాసియ్యాలె. గంతే." ప్లేటు నా వైపు జరిపి, "నాకు సెక్షన్లు రావు గద," అంది. ఎగతాళి కాదు, ఉన్న మాటే. అందుకే ఇంకా గుచ్చుకుంది. రికార్డు అడగాలి తప్ప సంజాయిషీ కాదని ప్రతి ఏడూ క్లాసులో చెప్పేది నేనే.

రెండున్నరకు కిటికీ తెరిచారు. నేను వెనకే నిలబడ్డాను. భాగ్య లచ్చవ్వను ముందు నిలబెట్టి, తన హిందీలో, "సాబ్, లిస్టు బంద్ అయిందని ఆర్డర్ వచ్చింది గద, ఆ కాగితం చూపించండి. నకలు తీసుకుని పోతాం," అంది. గుమాస్తా సొరుగు తెరిచాడు, మూశాడు. లోపలికి వెళ్లి వచ్చాడు. కాగితం లేదు. రేపటి వరకు సమయం ఉందని పక్క బల్ల దగ్గరి మనిషి అననే అన్నాడు. గుమాస్తా కుర్చీ ముందుకు జరుపుకుని, "నామ్?" అన్నాడు.

లచ్చవ్వ ఈసారి కళ్లు మూసుకుని, "లచ్చవ్వ," అంది.

"అటక?"

"ఉంది," అంది లచ్చవ్వ గట్టిగా. "ఉంది సారు. వేముల."

సాయంత్రం ఐదింటికి రేషన్ దుకాణంలో ఆమె పేరు పిలిచారు. లచ్చవ్వ వేముల. వేలిముద్ర పడింది, గోధుమలు, బియ్యం తూచి పోశారు. సంచి మూతి కట్టుకుని ఆమె లేవబోయి, లేవలేక, చుట్టూ చూసింది. పక్కనే నేనున్నాను. చేయి చాచాను కూడా. ఆమె నన్ను దాటి చూసి, "భాగ్యా, జర సంచి పట్టు," అంది.

భాగ్య సంచి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. మాస్కు పైన కళ్లు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. ఇద్దరూ ముందు నడిచారు, నేను వెనక. నాకు ఏడుపు వచ్చింది, అందులో సగం సంతోషం, సగం కుళ్లు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అలా సంచి పట్టమని అడగలేదు.

మా ఊరు తిరిగొచ్చాక నాలుగో దరఖాస్తు రాశాను. ఎందుకు అన్న మాట ఒక్కటీ లేకుండా, ఫలానా నెలల బియ్యం స్టాకు రిజిస్టరు నకలు ఇవ్వండి, అంతే. నెల తిరగకముందే నకలు వచ్చింది. బియ్యం వచ్చినట్టు రాసి ఉంది, పిల్లలకు ఇచ్చిన చోట సంతకాలు లేవు. ఆ కాగితం పట్టుకుని బడి కమిటీ ముందు కూర్చున్నాను, మిగిలిన బియ్యం పిల్లల ఇళ్లకు చేరింది. మా అత్తగారికి గర్వంగా చెబితే ఆమె, "భాగ్యను అడిగి రాసినవా?" అంది. అవునన్నాను. అసూయ పోయిందా అంటే పోలేదు, కానీ ఇప్పుడది నా చేత పని చేయిస్తోంది. ఇక సూరత్ వెళ్లేవాళ్లకు ఒకే ఒక్క సలహా: అక్కడ ఏ ఫారం నింపినా మీ పేరు ముందు, ఇంటిపేరు చివర రాయండి, ఎవరైనా అటక అని అడిగితే ఉందనే చెప్పండి. స్టేషనులో నేను లేదన్నాను. భాగ్యకు ఆ సంగతి చెప్పడానికి ఇప్పటిదాకా నోరు రాలేదు, ఇక్కడ చదివే తెలుసుకుంటుంది.