బావ మాత్రల పటంలో నేను చెరిపేసిన కొమ్మ

ఆ ఆదివారం మధ్యాహ్నం శిడ్లఘట్టలో మా అక్క ఇంట్లో ఉన్నవాళ్లు ముగ్గురు: అక్క సరోజ, బావ మునిరాజు, నేను. ఉన్న వస్తువులు: మూడు పళ్లేల్లో సంగటి, గిన్నెలో అనపగింజల పులుసు, గోడకు ఆనించిన నా బ్యాగు, బావ చేతిలో తువ్వాలు. బావ దగ్గాడు. తువ్వాలు నోటి దగ్గర నుంచి తీసి, మడిచి, తొడ కింద పెట్టుకున్నాడు. అక్క పులుసు వడ్డిస్తూ చూడలేదు. నేను చూశాను. గోరంత ఎర్రటి మరక.

"ఏం బావా అది?"

"ఆకూ వక్క," అన్నాడు.

పొద్దుటి నుంచి ఆయన పక్కనే ఉన్నాను. ఆయన ఆకు వేసుకోలేదు.

బావది రీలింగ్ యూనిట్లో పట్టుదారం తీసే పని. రోజంతా వేడినీళ్ల తొట్టి ముందు, ఆవిరిలో. అక్కడ పని చేసేవాళ్లందరూ దగ్గుతారు. అందుకే రెండు నెలలుగా ఆయన దగ్గుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. చొక్కా భుజాల దగ్గర జారుతోందని కూడా నేను ఆ రోజే గమనించాను.

"రేపు చిక్కబళ్లాపురం పోదాం, డాక్టరుకు చూపిద్దాం," అన్నాను.

"ఇంజినీరప్పా, కంప్యూటర్‌కి వైరస్ వస్తే నువ్వు చూడు. నాకి వస్తే నేను చూసుకుంటా."

"మా కంప్యూటర్లు రక్తం కక్కవు బావా."

అక్క చేతిలో గరిటె ఆగింది. "రక్తమా? యాడ?" అంది. అప్పుడు బావ తొడ కింద నుంచి తువ్వాలు తీసి ఇచ్చాడు.

మరుసటి రోజు చిక్కబళ్లాపురంలో ఎక్స్‌రే తీశారు. రెండు రోజులు వరసగా స్ప్యూటమ్ పరీక్షకు కఫం పట్టి ఇచ్చాం. ఛాతీ డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వైపు ఎత్తి చూశారు. "స్ప్యూటమ్ పాజిటివ్. టి.బి.నే. ఆరు నెలలు డైలీ మాత్రలు. మధ్యలో మానేస్తే మళ్లీ నా దగ్గరికి రావద్దు," అన్నారు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. నేను అడగాలని రాసుకుపోయిన ప్రశ్నలు ఏడు. అడగగలిగినవి రెండు. ప్రభుత్వాసుపత్రిలో ఈ మాత్రలు ఊరికే ఇస్తారు, దగ్గరుండి మింగిస్తారు కూడా. అక్కడికి పోతే యూనిట్లో అందరికీ తెలిసిపోతుందని బావ ఒప్పుకోలేదు.

మిగిలిన ఐదు ప్రశ్నలకు నేను ఇంటర్నెట్‌లో జవాబులు వెతికాను. నేను చింతామణిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పని చేస్తాను. అప్పటికి మాకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చి మూడు నెలలే. టి.బి. మీద ఒక పెద్ద పేజీ దొరికింది. ఇంగ్లీషు. ముప్ఫై ఒక్క పేరాలు. అంత ఇంగ్లీషు ఒక్కసారిగా నా తలకెక్కదు. డిప్లొమా మదనపల్లెలో చదివేటప్పుడు మా లెక్చరర్ ఒకాయన మైండ్ మ్యాప్ గీయడం నేర్పించారు. తెలుగు రాత కూడా నాకు అక్కడే వచ్చింది. మావి కర్ణాటక ఊళ్లు; ఇళ్లల్లో మాట తెలుగు, బడి కన్నడం.

నా పద్ధతి ఇది. పేజీ ప్రింటు తీసి పేరాలకు నంబర్లు వేస్తాను. ఒక్కో పేరాకు ఒక్క మాట ఏరుకుంటాను. కాగితం నడుమ గుండ్రం గీసి విషయం రాస్తాను. దాని నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. తప్పక చేయాల్సినదానికి లావు గీత, చేస్తే మంచిదానికి సన్న గీత. ఇలా గీస్తే నాకు సర్క్యూట్ చూసినట్టు అర్థమవుతుంది. ఏది దేనికి కలిసిందో కంటికి కనిపిస్తుంది.

నా కోసం ఒకటి గీసుకున్నాక, అక్కాబావల కోసం ఒక పెద్ద డ్రాయింగ్ షీటు మీద ఇంకోటి గీశాను. బావ కన్నడం నాలుగో తరగతి వరకే చదివాడు. అందుకే మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. నడుమ మనిషి ఛాతీ. దాని చుట్టూ మాత్రలు, తిండి, తుంపర్ల జాగ్రత్త, నెలలు, పరీక్షలు. మొత్తం ఐదు కొమ్మలు.

ఆరో కొమ్మ పెన్సిలుతో గీశాను. దాని పేరు చెడు గుర్తులు. నాలుగు రెమ్మలు: వాంతులు, కళ్లు పచ్చబడటం, చూపు మసకబారడం, ఒళ్లంతా దురద. స్కెచ్ పెన్నుతో దిద్దే ముందు ఆగిపోయాను. బావ సంగతి నాకు తెలుసు. ఇంగ్లీషు మందు ఉష్ణం చేస్తుందని పక్కింటాయన అంటే, అంతకు ముందు ఏడు కడుపు నొప్పి మందు మూడో రోజే చెత్తలో పారేశాడు. ఈ నాలుగు బొమ్మలు చూస్తే మొదటి తేన్పుకే మాత్రలు మానేస్తాడు. మధ్యలో మానేస్తే జబ్బు మందులకు లొంగకుండా పోతుందని ఆ పేజీలో మూడు చోట్ల ఉంది. రబ్బరు తీసుకుని ఆ కొమ్మ చెరిపేశాను. ఖాళీ అయిన చోట ఎర్ర స్కెచ్‌తో కన్నడంలో పెద్దగా రాశాను: ఏమైనా సరే, ఒక్క రోజు కూడా మాత్ర మానరాదు.

గోడకు అంటిస్తుంటే బావ మంచం మీద నుంచి చూశాడు.

"ఇదేందప్పా, పట్టుపురుగులు గూళ్లు కట్టే చంద్రిక తట్ట మాదిరి ఉండాది. నడుమ ఉండేది నేనేనా?"

"నువ్వే."

"మీసాలు యాడ?"

"షీటులో చోటు లేదు బావా."

"ఉన్న ఒక్క అందం తీసేసినావు," అని అక్క వైపు తిరిగాడు. "సరోజా, మీ తమ్ముడు నన్ను పురుగును చేసి గోడకు అంటిస్తాండాడు చూడు."

అక్క నవ్వింది. అది ఎవరినైనా నవ్వించగల మాట అప్పటికి.

నాలుగు వారాలు బాగా జరిగాయి. దగ్గు తగ్గింది, జ్వరం పోయింది. మూత్రం ఎర్రగా వస్తోందని రెండో రోజే బావ భయపడ్డాడు. ఆ సంగతి పటంలో ఉంది. మాత్రలు కొమ్మకు సన్న రెమ్మ: మూత్రం ఎర్రగా వస్తుంది, భయం లేదు. అక్క పటం మీద వేలు పెట్టి చూపించి, చదివి వినిపించింది. పటం చెప్పినట్టే జరగడంతో ఇద్దరికీ దాని మీద గురి కుదిరింది.

ఐదో వారం అక్క ఫోన్ చేసింది.

"కూడు పోవడం లేదప్పా. వాసన చూస్తేనే కక్కుకుంటాండాడు."

"సంగటి మాని గంజి పోయి. మాత్ర మాత్రం..."

"మాన్లేదు లేప్పా. పొద్దున ఆరింటికి నేనే నోట్లో వేస్తాండా."

నాకు తృప్తిగా అనిపించింది. ఆ మాట ఇక్కడ దాచకుండా రాస్తున్నాను. వాంతులు నేను చెరిపేసిన రెమ్మల్లో మొదటిది. ఆ రోజు అది నాకు గుర్తుకు రాలేదు.

ఏడో వారంలో బావ కళ్లు పచ్చబడ్డాయి. అక్క నాకు చెప్పలేదు. మా వైపు కామెర్లకు ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు, ఇంటర్నెట్ చూసే తమ్ముడికి ఫోన్ చేయరు. పసరు తాగిస్తారు. బాగేపల్లి అవతల ఒక పల్లెలో పసరు ఇచ్చే పెద్దాయన ఉన్నాడంటే, బావను రెండు బస్సులు మార్చి అక్కడికి తీసుకుపోయింది. ఆయన మూడు రోజుల పసరు ఇచ్చి మూడు పథ్యాలు చెప్పాడు. ఉప్పు వద్దు. నూనె వద్దు. ఇంగ్లీషు మాత్రలు ఆపెయ్యండి.

అక్క మొదటి రెండూ పాటించింది. మూడోది పాటించలేదు.

ఆ తర్వాతి శనివారం పొద్దున ఊరికే చూసిపోదామని నేను వెళ్లేసరికి బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఏ బస్సుకి వచ్చినావు?" అని అడిగాడు. చెప్పాను. కాసేపాగి మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు ఆయన చేతులు ముందుకు చాపి గ్లాసు పట్టుకోబోయాడు. వేళ్లు వణికి గ్లాసు పడిపోయింది.

"పచ్చబడి ఎన్నాళ్లయింది అక్కా?"

"తొమ్మిది దినాలు."

"మాత్రలు?"

"ఈ పొద్దు కూడా వేసినా. పసరాయన ఆపమన్నాడు. నువ్వు గీసినదాంట్లో ఏమైనా సరే మానరాదని ఉండాది కదప్పా. కండ్లు పచ్చబడేది దాంట్లో యాడా లేదు. మాత్రల వల్ల అయితే నువ్వు గీసిందువు కదా అనుకున్యా."

కారు మాట్లాడటానికి బయటికి వెళ్లాను.

బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. ఒకటి దగ్గర ఉండాల్సిన బిలిరుబిన్ పదకొండు పైన. నలభై లోపు ఉండాల్సిన ఎస్.జి.పి.టి. వెయ్యి దాటింది. రక్తం గడ్డకట్టే పరీక్ష కూడా తేడాగా వచ్చింది. వార్డు చూసే లేడీ డాక్టరు మాత్రల స్ట్రిప్పులు చూసి, "డ్రగ్ ఇండ్యూస్డ్ హెపటైటిస్. ఈ మాత్రల వల్లే లివర్ వాచింది. లివర్ ఫెయిల్యూర్‌లోకి పోతోంది. అన్నీ స్టాప్. పచ్చబడినాక కూడా వేయమని ఎవరు చెప్పారు?" అని అడిగారు.

అక్క సంచిలో నుంచి చుట్ట చుట్టిన డ్రాయింగ్ షీటు తీసింది. ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడు గోడ మీద నుంచి ఊడదీసి తెచ్చింది. డాక్టరుకు పనికొస్తుందని.

డాక్టరు దాన్ని బెడ్ మీద పరిచి చాలాసేపు చూశారు. "చాలా నీట్‌గా ఉంది. ఎవరు గీశారు?"

"నేనే మేడమ్."

"సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కడ?"

"తీసేశాను."

ఆమె నన్ను తిట్టలేదు. షీటు చుట్ట చుట్టి నా చేతికి ఇచ్చి, "నలభై ఎనిమిది గంటలు చూద్దాం. ఏమీ చెప్పలేను," అన్నారు.

ఆ నలభై ఎనిమిది గంటల్లో కారిడార్ బెంచీ మీద కూర్చుని, బ్యాగులో ఉన్న ప్రింటును పటంతో పోల్చి చూశాను. ముప్ఫై ఒక్క పేరాల్లో ఇరవై రెండు పటంలో ఉన్నాయి. తొమ్మిది లేవు. ఆ తొమ్మిదిలో నాలుగు నేను కావాలని చెరిపినవి. పటంలో ఉన్నవాటిలో ఒకటి మళ్లీ చదివాను. నేను ఎర్ర స్కెచ్‌తో రాసిన వాక్యం పేజీలో అలా లేదు. "డాక్టరును అడగకుండా మానరాదు" అని ఉంది. డాక్టరును నేను తీసేశాను. ఏమైనా సరే అన్నది నేను చేర్చాను.

మూడో రోజు బావ నన్ను గుర్తుపట్టి పలకరించాడు. ఐదో రోజు పొద్దున అక్క మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆయనకు చెప్పాను.

"బావా, కండ్లు పచ్చబడితే మాత్రలు ఆపి పరిగెత్తాలని ఆ పేజీలో ఉండాది. నేను గీసి, చెరిపేసినా."

"ఎందుకు?"

"నువ్వు భయపడి ఆపేస్తావని."

"ఆపేసిందును," అన్నాడు. "మొదటి వారమే ఆపేసిందును. నువ్వు నన్ను బాగానే కనిపెట్టినావు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "అయినా కండ్లు నావి కదప్పా. నాకి చెప్పాల్సింది."

ఆ తర్వాత కూడా తేలిగ్గా ఏమీ జరగలేదు. లివర్ కోలుకునేదాకా మాత్రలు ఆపారు. ఆపిన మూడో వారంలో మళ్లీ తువ్వాలు మీద రక్తం కనిపించింది. లివర్ కోసం ఆగితే లంగ్ పోతుంది, లంగ్ కోసం తొందరపడితే లివర్ పోతుంది. డాక్టరు ఒక్కో మందూ విడివిడిగా, చిన్న డోసుతో మొదలుపెట్టారు. రెండో మందుకు ఎస్.జి.పి.టి. మళ్లీ పెరిగింది. మళ్లీ ఆపారు. నాలుగు మందుల్లో ఒకదాన్ని పూర్తిగా వదిలేశారు. ఆరు నెలల కోర్సు పదమూడు నెలలు పట్టింది. చివరి స్ప్యూటమ్ నెగెటివ్.

అదంతా అయి రెండేళ్లు. ఎడమ లంగ్ పైభాగం ఎండిపోయిందని ఎక్స్‌రే చూపించి చెప్పారు. ఆవిరి ముందు కూర్చోలేడు కాబట్టి యూనిట్‌కు ఇప్పుడు అక్క పోతోంది. ఇంటి దగ్గర బావ వంట చేస్తాడు. సంగటి కెలకడానికి ఊపిరి చాలదు, అందుకని అన్నం వండుతాడు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "తొమ్మిది దినాలు నా చేత్తోనే వేసినా" అని మాత్రం అప్పుడప్పుడు తనలో తాను అనుకుంటుంది. ఆ మాట అనేటప్పుడు నేను పక్కనే ఉన్నానని ఆమెకు గుర్తుండదు.

పటాలు గీయడం నేను మానలేదు. ఇంటర్నెట్‌లో పొడుగాటి ఇంగ్లీషు చదివి ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన వాళ్లు మాలాంటి ఊళ్లల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు బొమ్మ పనికొస్తుంది. దాన్ని చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, గోడ మీద రోజూ కనిపిస్తుంది. అందుకే అది తప్పయితే రోజూ తప్పు చెబుతుంది. నేను నేర్చుకున్నది ఒక్కటే చెబుతాను. భయపెట్టే సంగతి కనిపిస్తే చెరపకండి. దాని పక్కనే ఎవరిని అడగాలో, ఎన్ని గంటల్లో పోవాలో గీయండి. గీసింది గోడకెక్కే ముందు, అసలు పేజీ ప్రింటుతో సహా డాక్టరుకు చూపించండి.

చిక్కబళ్లాపురంలో ఒక డాక్టరు ఇప్పుడు నా పటాలు చూసి సంతకం చేసి ఇస్తున్నారు. ఈ రెండేళ్లలో పద్నాలుగు గీశాను. ఆయన తప్పులు చూపించి వెనక్కి పంపినవి ఐదు.